యాదన్న చీటీ మీద నా బీపీ

నిన్న పొద్దున ఎనిమిదింటికి శామీర్‌పేట నుంచి ఫోన్. లక్ష్మి వదిన, యాదన్న భార్య. యాదన్న స్నానానికని లేచి గడప దగ్గరే కూలబడ్డాడు, మూతి ఒక పక్కకు పోయింది, మాట రావడం లేదు అంది.

నేను మేడ్చల్ నుంచి ఆస్పత్రికి చేరేసరికి తొమ్మిదిన్నర.

సాయంత్రం నాలుగింటికి ఇక లేడన్నారు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మొన్న ఆదివారమే మా మెట్ల మీద కూర్చుని, తన పెరట్లో కాసిన సొరకాయ ఇచ్చి వెళ్లాడు. అది ఇంకా వంటింట్లోనే ఉంది.

ఈ పోస్ట్ చదివే చాలామందికి యాదన్న తెలియదు. ఈ పద్నాలుగేళ్లలో ఇక్కడ నాకు దొరికిన ఒకే ఒక్క ఫ్రెండ్.

తొంభై అయిదులో తెనాలి నుంచి వచ్చి శామీర్‌పేట దగ్గర ఒక ద్రాక్షతోటలో సూపర్‌వైజర్‌గా చేరాను. నా యాస వింటే అక్కడివాళ్లు నవ్వేవాళ్లు. యాదన్నను చూస్తే పక్కకు జరిగేవాళ్లు. అలా మిగిలిపోయిన ఇద్దరం ఒకచోట కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టాం.

ఆయనకు సోరియాసిస్. మోచేతుల మీద, మోకాళ్ల మీద, తల్లో ఎర్రటి మచ్చలు, పైన తెల్లగా రాలే పొట్టు. అంటుకునే జబ్బు కాదు. కానీ ఎంతమందికని చెబుతాం?

మే నెల ఎండలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మణికట్టు దగ్గర గుండీతో సహా. కొనేవాళ్ల లారీ వచ్చిన రోజు ఓనర్ ఆయన్ని ప్యాకింగ్ షెడ్డు దగ్గర ఉండనిచ్చేవాడు కాదు, మోటారు దగ్గరికి పంపేసేవాడు. తోటంతా ఆయన చేతుల మీద పెరిగిందే. గుత్తులు మాత్రం ఆయన ముట్టకూడదు.

ఒకసారి కటింగ్ షాపులో ఆయన్ని కుర్చీ ఎక్కనివ్వలేదు. ఆయన చెల్లెలి పెళ్లి రెండు రోజుల్లో. తోటకొచ్చి నా ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. నా దగ్గరున్నది గుత్తుల్లో కాయలు పలచన చేసే సన్న కత్తెర ఒక్కటే. దాంతోనే కానిచ్చాను.

అద్దంలో చూసుకుని, "గుత్తి పలచన జేసినట్టే జేసినవ్ సారు. ఇగ పెండ్లిల అందరు నన్నే సూస్తరు," అన్నాడు.

పెళ్లిలో ఎవరూ చూడలేదు. భోజనాల దగ్గర ఆయన పక్క విస్తరి ఖాళీ. నేను వెళ్లి కూర్చున్నాను.

ఇది గొప్ప చెప్పుకోవడానికి కాదు. అంత చేసిన నేనే తర్వాత ఏం చేశానో చెప్పడానికి.

తోట పోయి ప్లాట్లు వచ్చాయి. ఓనర్ రియల్ ఎస్టేట్‌లో దిగాడు. నేను ఆఫీసులో, యాదన్న లేఅవుట్‌లో మొక్కలకు నీళ్లు పట్టే పనిలో. పోయినేడు అక్కడే కమ్యూనిటీ హాల్లో హెల్త్ క్యాంప్ పెట్టారు. స్టాఫ్ అందరూ చూపించుకుని తీరాలని ఓనర్ ఆర్డర్.

బీపీ చూడాలంటే చొక్కా చెయ్యి పైకి మడవాలి. వెనక లైన్లో కాలనీవాళ్లంతా ఉన్నారు.

యాదన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "గింతమందిల నా చెయ్యి సూపియ్య సారు. రేపట్నుంచి చెట్ల కాడికి గుడ రానియ్యరు. నువ్వే జెర సూడు."

నేను చూశాను.

నాది అప్పటికే అయిపోయింది. ఆ రద్దీలో మొహాలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? "యాదగిరి" అని పిలవగానే రెండో టేబుల్ దగ్గర కూర్చుని నా చెయ్యే చాపాను. 120/80. చీటీ మీద ఆయన పేరు, పక్కన నార్మల్.

ఎంత మంచి ఫ్రెండ్‌నో అని మురిసిపోయాను కూడా.

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ, "నీ బీపీతోని నేను నూరేండ్లు బతుకుత తియ్," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

నిన్న డాక్టర్ మెదడులో రక్తనాళం చిట్లిందన్నాడు. బీపీ ఎప్పట్నుంచో ఎక్కువగా ఉండి ఉంటుందన్నాడు. మోచేతులు చూసి ఈ జబ్బు ఎన్నేళ్లుగా అని అడిగాడు.

సోరియాసిస్ చర్మంతో ఆగేది కాదట. ఆ వాపు ఒంట్లోపల కూడా ఉంటుందట. గుండెపోటు, పక్షవాతం ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువట. అందరికీ వస్తుందని కాదు, కానీ ఇలాంటివాళ్లే బీపీ, షుగర్ వదలకుండా చూపించుకోవాలట. ఎప్పుడైనా చూపించారా అని అడిగాడు.

వదిన ప్లాస్టిక్ కవర్లోంచి ఆ చీటీ తీసింది.

"సూపిచ్చుకున్నడు సారు. మంచిగనే ఉన్నదని రాసిచ్చిన్రు. పోయిన నెల తలకాయ నొస్తాందంటే, గీ కాయితంల మంచిగుంది గదా, ఎండకు నొస్తాంది గావచ్చు అని నేనే అన్న."

డాక్టర్ చీటీ చూశాడు. నేను గోడ చూశాను.

అంత్యక్రియలు ఇవాళ పొద్దున అయిపోయాయి. పది మంది కూడా రాలేదు.

తిరిగొస్తూ టీ కొట్టు దగ్గర అలవాటుగా వన్ బై టూ అన్నాను. రెండు గ్లాసులు పెట్టాడు. యాదన్నతో టీ పంచుకునేది నేనొక్కణ్ణే అని ఇన్నాళ్లూ అనుకున్నాను. నాతో పంచుకునేది కూడా ఆయనొక్కడే. రెండూ నేనే తాగి వచ్చాను.

కామెంట్లలో నన్ను మంచి స్నేహితుడని ఎవరూ రాయకండి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుండి, నలుగురిలో చెయ్యి చూపించడానికి సిగ్గుపడుతుంటే, తలుపు వేసైనా సరే బీపీ చూపించండి.

వదినకు చదవడం రాదు, ఈ పోస్ట్ ఆమెకు చేరదు. అందుకే ఇక్కడ రాయడం తేలిగ్గా ఉంది. ఆ తలనొప్పి రోజు తాను అన్న మాటే మొగుణ్ణి చంపిందని ఆమె ఏడుస్తోంది.

రేపు మూడో రోజు. వెళ్లి, ఆ చీటీ మీదున్నది నా బీపీ అని చెప్పాలి. ఆ తర్వాత వదిన నన్ను ఆ గడప తొక్కనిస్తుందో లేదో. అయినా చెప్పాలి.

యాదన్నా, ఇక నీ పక్క నుంచి జరిగిపోయేవాళ్లు ఎవరూ లేరు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, చల్లగా పడుకో.