ఆకుపచ్చ దారం కట్టిన బొగ్గు సంచి

యోగేందర్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో అక్వేరియం దుకాణం పెట్టి పదహారేళ్లయింది. ఆ నోటిని తట్టుకుని రెండోసారి వచ్చినవాళ్లే అతని గిరాకీ. ఒకాయన సాంబ్రాణి వేసుకునే బొగ్గు బిళ్లలు తెచ్చి, ఫిల్టర్‌లో ఇవి వేస్తే సరిపోదా అని అడిగాడు. "చేపలకు పొగ పెడతవా అన్నా?" అని యోగేందర్ అతన్ని వచ్చిన దారినే పంపేశాడు.

ఫిల్టర్ బొగ్గు దగ్గర అతనికి రాజీ లేదు. తళతళ మెరిసే గింజలు ముట్టడు. మెరుపు లేకుండా, వేళ్ల మధ్య నలిపితే పొడి కాకుండా ఉండాలి. నీళ్లలో వేస్తే బుసబుసమంటూ బుడగలు రావాలి. అట్లా వస్తే లోపల కంటికి కనబడని చిల్లులు బోలెడున్నట్టు. నీళ్ల రంగూ వాసనా పోయి ఇరుక్కునేది ఆ చిల్లుల్లోనే. నల్లనీళ్లు ఆగేదాకా కడిగి, వల సంచిలో పోసి, మూతిని ఆకుపచ్చ దారంతో బిగించి, స్పాంజీ వెనక పెడతాడు. మూడు వారాలు దాటితే తీసి పారేస్తాడు. చేపలకు జబ్బు చేసి మందు వేస్తే మాత్రం ముందు ఆ సంచి బయటికి తీయాలి. లేకపోతే మందును కూడా బొగ్గే మింగి కూర్చుంటుంది. ఈ మాట తను పనిచేసే ప్రతి ఇంట్లోనూ, విన్నా వినకపోయినా, చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తాడు. ఒక్క భానుమూర్తి ఇంట్లోనే చెప్పడు. ఆ ఇంట్లో అతను అసలు నోరే విప్పడు.

భానుమూర్తి తెనాలి వైపు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. యాచారం దగ్గరి పల్లె నుంచి వచ్చిన యోగేందర్ కూడా ఆయన క్లాసులో కూర్చున్నవాడే. రెండో వారం బోర్డు మీద లెక్క తప్పు చేశాడు. "జవాబు చెప్పరా, నోట్లో ఏముంది? నీ మొహానికి కెమిస్ట్రీ ఎందుకు, పోయి గేదెలు కాచుకో" అని ఆయన అరవై మంది ముందు బయటికి పంపాడు. యోగేందర్ మళ్లీ ఆ గదిలోకి పోలేదు. ఇంటర్ గట్టెక్కలేదు. పాతికేళ్లకు మన్సూరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో తొమ్మిది ట్యాంకుల పని దొరికితే, అందులో ఒకటి ఆ సారుదే అయింది. సారు అతన్ని గుర్తుపట్టలేదు. యోగేందర్‌కు అదే ఎక్కువ మండింది.

అప్పటినుంచి ఆదివారం ఆదివారం మూగనోము పట్టినట్టు వెళ్లి, పని ముగించుకుని వచ్చేస్తున్నాడు. సారు కూడా ఏమీ అడగడు. పేపరు అంచు మీదుగా దొంగను కాపలా కాసినట్టు చూస్తుంటాడు.

ఒక శుక్రవారం పొద్దున అరుణమ్మ ఫోన్ చేసింది. ఆమె ఆ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు పెద్ద. వాట్సాప్ గ్రూపులో భానుమూర్తి పెట్టింది చదివి వినిపించింది. "మా గోల్డ్‌ఫిష్‌లకు తెల్ల మచ్చలు వస్తే యోగేందర్ షాపు నుంచి నీలి మందు తెప్పించి మూడు రోజులు వేశాం. రోజూ తెల్లారేసరికి నీళ్లు తేటగా ఉంటున్నాయి. అది మందు కాదు, రంగునీళ్లు. పెద్ద చేప చచ్చిపోయింది. అతన్ని గడప తొక్కనివ్వకండి."

"ముగ్గురు అప్పుడే నిన్ను రావద్దంటున్నరు, యోగేందర్" అంది అరుణమ్మ.

యోగేందర్ నెత్తురు సలసల కాగింది. ఈ పనిలో ఉన్నదంతా పేరే. కల్తీ మందు అన్న మాట ఒక అపార్ట్‌మెంట్‌లో పుడితే సాయంత్రానికి చంపాపేట్ దాకా పాకుతుంది.

"ఆ మందు అమ్మింది నువ్వేనా?" అని భార్య ప్రసన్నను అడిగాడు.

"సారు భార్యే వచ్చి తీసుకపోయింది. ఫిల్టర్ల బొగ్గుంటే తీసెయ్యాలె అమ్మా అని చెప్పిన. మా దాంట్ల బొగ్గెందుకుంటదని నవ్వింది."

"ఇంకేముంది. మంచినీళ్ల మిషన్ల పాత బొగ్గు తీసి సారే ఏసుంటడు. తెలివి జాస్తి."

అదే మందు సీసా జేబులో పెట్టుకుని బండి తీశాడు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సిగ్నల్ పడ్డంతసేపూ సారును అనబోయే మాటలే పేర్చుకున్నాడు.

అరుణమ్మను వెంటబెట్టుకునే ఆ ఇంట్లోకి వెళ్లాడు. ట్యాంకులో మిగిలిన చేప ఒక మూల రెక్కలు ముడుచుకుని ఉంది. ఒంటి నిండా ఉప్పు చల్లినట్టు మచ్చలు.

"సిగ్గులేదూ, మళ్లీ వచ్చావా?" అన్నాడు భానుమూర్తి.

"సిగ్గు ఎవరికుండాల్నో ఇప్పుడు తెలుస్తది. అరుణమ్మా, మీరే చూడున్రి. ఇండ్ల బొగ్గు దొరికితే తప్పు మందుది కాదు."

ఫిల్టర్ మూత తీసి స్పాంజీ పక్కకు లాగాడు. వల సంచి చేతికి తగిలింది. పైకి లాగితే మూతికి ఆకుపచ్చ దారం.

కొత్తగా పెట్టిన చెక్క మొద్దు రంగు దిగి నీళ్లు డికాషన్‌లా అయ్యాయని కిందటి ఆదివారం తనే పెట్టాడు ఆ సంచి; తొమ్మిది ట్యాంకుల హడావిడిలో మరిచేపోయాడు. సారు ఆ పూట స్నానానికి వెళ్లాడు. తను చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలి కదా.

దారం సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. చేయాల్సిందల్లా నోరు మూసుకోవడమే. పేరు నిలుస్తుంది, సారు పరువు పోతుంది. పాతికేళ్లుగా కోరుకున్నది చేతిలోకి వచ్చింది.

భానుమూర్తి సంచిని చూసి తెల్లబోయాడు. ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం అది, బొగ్గు రంగును లాగేస్తుందని. వెంటనే వంటింటి గుమ్మంలో ఉన్న భార్య కుసుమకుమారి మీదికి తిరిగాడు.

"ఇది నువ్వు వేశావా? జవాబు చెప్పు, నోట్లో ఏముంది?"

కుసుమకుమారి కొంగు పట్టుకుని అందరి ముందూ నిలబడిపోయింది. ఆ నిలబడడం ఎట్లా ఉంటుందో యోగేందర్‌కు తెలుసు.

"అమ్మనెందుకంటవు సారూ? అది నాది. నేనే పెట్టిన, చెప్పలే. నీతోని మాట్లాడుడు ఇష్టంలేక చెప్పలే. గేదెలు కాచుకొమ్మని నీ క్లాసుల నుంచి ఎల్లగొట్టినవు నన్ను. నీకు యాదికి కూడా లేదు."

భానుమూర్తి అతని మొహంలోకి చూశాడు. గుర్తొచ్చిందో లేదో చెప్పలేదు.

"అయితే చేపను చంపింది నువ్వే."

"నేనే. నువ్వు గూడ మూడు దినాలు నీలం ఎటు పోయిందని అడగకపోతివి. దొంగ మందని రాస్తివి."

ఆయన ఫోన్ తీసి, పైకి చదువుతూ గ్రూపులో రాశాడు. "మందులో కల్తీ లేదు. ఫిల్టర్‌లో కార్బన్ పెట్టి చెప్పకపోవడం యోగేందర్ తప్పు. ఒప్పుకున్నాడు." తన తప్పు గురించి ఒక్క ముక్క రాయలేదు.

యోగేందర్ ఆ సంచి తీసేసి, నీళ్లు కొంత మార్చి, అదే సీసాలోంచి మందు పోసి వెళ్లిపోయాడు. మర్నాడు నీళ్లు నీలంగానే ఉన్నాయని అరుణమ్మ చెప్పింది. రావద్దన్న ముగ్గురిలో ఇద్దరు మళ్లీ పిలిచారు. ఒకరు పిలవలేదు.

మూడో ఆదివారానికి ఆ చేప ఒంటి మీద మచ్చలు పోయాయి, మేతకు పైకొస్తోంది. ట్యాంకు పక్కన గోడకు గీతలు కొట్టిన కాగితం అంటించి ఉంది. తేదీ, కార్బన్ ఉందా లేదా, సంతకం.

"ఇకనుంచి ప్రతివారం రాయి. నిన్ను నమ్మను" అన్నాడు భానుమూర్తి.

నోటిదాకా వచ్చిన బూతును యోగేందర్ మింగేశాడు. నీళ్లలో మిగిలిన మందు లాగేయడానికి ఆ రోజు బొగ్గు పెట్టాలి. సంచి కడిగి, దారం బిగించి, లోపల పెట్టి, ఉంది అని రాసి సంతకం చేశాడు. భానుమూర్తి లేచి, మూత తీసి, సంచిని వేలితో తడిమి చూశాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి సంతకం పక్కన టిక్కు పెట్టాడు. ఆ చేతి టిక్కు యోగేందర్‌కు పడడం అదే మొదటిసారి.

బకెట్టు ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్లి, యోగేందర్ వెనక్కి తిరగకుండానే ఆగాడు.

"మూడు వారాలకు మార్చాలె సారూ. అంతల మందు ఏసేదుంటే ముందు సంచి తియ్యి" అని చెప్పి మెట్లు దిగాడు.