అల్ ఖోర్, దుఖాన్: ఒక శుక్రవారంలో రెండు ఊళ్ళు

నా భార్య సుజాత మార్చిలో చనిపోయింది. అక్టోబరులో కంపెనీ నుంచి కాగితం వచ్చింది. ఐన్ ఖాలిద్‌లోని ఫ్యామిలీ ఇల్లు ఖాళీ చేయాలి, నా పేరు బ్యాచిలర్ల జాబితాలోకి మారింది. ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసినా, ఈ గల్ఫ్ దేశంలో భార్య పక్కన లేనివాడు బ్యాచిలరే. నాది రోడ్ల సర్వే పని. ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం దేశమంతా తవ్వుతున్నారు కాబట్టి రెండు చోట్ల వసతి చూపించారు: ఉత్తరాన అల్ ఖోర్, పడమట దుఖాన్. ఏదో ఒకటి ఆదివారంలోపు చెప్పమన్నారు. శుక్రవారం రెండూ చూసి వచ్చాను. ఒక్కరోజులో ఈ రెండు ఊళ్ళూ చూడాలనుకునేవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

రాయచోటి మస్తాన్ టాక్సీ మాట్లాడుకున్నాను. రోజుకు మూడు వందల యాభై రియాళ్ళు. ఉదయం ఏడింటికి బయలుదేరితే షమాల్ రోడ్డు మీద ముప్పావుగంటలో అల్ ఖోర్ వచ్చింది. రేవులో చెక్క పడవలు, చేపల బేరాలు, ఊరి బయట గుడారం ఆకారంలో లేస్తున్న స్టేడియం, సెలవు కాబట్టి ఆగిన క్రేన్లు. కంపెనీ గది మూడో అంతస్తులో ఉంది. అందులో ముగ్గురుంటున్నారు, నేను నాలుగోవాణ్ణి. వాళ్ళలో జగిత్యాల రాజన్న ఉల్లిగడ్డలు కోస్తూ పలకరించాడు.

"వంట వస్తదా సార్?"

"రాదు."

"అన్నం వండుడన్న వస్తదా?"

"అదీ రాదు."

"మరి ఇన్నేండ్లు ఎట్ల బతికిండ్రు?" కత్తి నా చేతిలో పెట్టాడు. "ఉల్లిగడ్డతోని మొదలువెట్టుండ్రి. ఏడ్సినా ఎవ్వలు ఏమనరు."

రెండు ఉల్లిగడ్డలు కోసి లేచాను. టీవీ, ఫోన్లు, ముగ్గురి మాటలు. ఆ గది నాకు నచ్చలేదు.

పదింటికి జుమైలియా మీదుగా దుఖాన్ దారి పట్టాం. గంటకు పైగా ప్రయాణం. చెట్టు లేదు, మనిషి లేడు. బూడిదరంగు నేల ఆకాశాన్ని తాకే చోట వణుకుతూ కనిపిస్తుంది. నేను వెనక కూర్చున్నాను. సగం దారిలో ముందు సీటు బెల్టు గంట మోగడం మొదలైంది. ఆ సీట్లో ఎవరూ లేరు, ఏ వస్తువూ లేదు.

"ఖాళీ సీటుకి కొడతాండాది సార్. ఇదేం కొత్త జబ్బో దీనికి!" అంటూ మస్తాన్ ఒంటిచేత్తో ఆ బెల్టు లాగి బిగించాడు. గంట ఆగింది.

దుఖాన్ చేరేసరికి జుమ్మా నమాజు వేళ. ఒకే రకం ఇళ్ళు వరుసగా ఉన్నాయి. పచ్చిక మీద గొట్టాలు నీళ్ళు చిమ్ముతున్నాయి, ఏసీలు మోగుతున్నాయి, గుమ్మాల్లో పిల్లల సైకిళ్ళున్నాయి. మనుషులు మాత్రం ఒక్కరూ లేరు. ఇక్కడ నాకు చూపించింది విడి ఇల్లు. రెండు గదులు, చిన్న వంటిల్లు. కిటికీలోంచి చూసి, ఇదే తీసుకుందామనుకున్నాను.

ఫ్యామిలీ బీచ్ గేటు దగ్గర, కారు ఏసీ ఆపకుండా వదిలి మస్తాన్ మసీదుకు వెళ్ళాడు. గేటు కాపలాదారు సత్తిబాబుది అమలాపురం. మా మాటలు విని తెలుగులో పలకరించాడు. "ఫ్యామిలీ ఉందాండీ? శుక్రవారం బ్యాచిలర్స్ మాఫీ, లోపలికి రానివ్వం అండి."

"కార్లో ఉంది," అన్నాను. ఈ దేశంలో ప్రతి గేటు దగ్గరా చెప్పిన మాట. నేను కనుక్కుని వచ్చేదాకా సుజాత కారు దిగేది కాదు. అన్నది అబద్ధమని తట్టేసరికి గేటు దాటి ఉన్నాను.

అలలు లేని సముద్రం. ఎంత దూరం నడిచినా మోకాలిలోతే. పావుగంటలో తిరిగి వచ్చాను.

"మేడంగారికి మంచినీళ్ళిద్దామని వెళ్ళానండి," అన్నాడు సత్తిబాబు. "అద్దం మీద కొట్టినా పలకలేదు. ముందు సీట్లో బెల్టు పెట్టుకుని మరీ నిద్రపోతున్నారు. భలే జాగ్రత్త మనిషండి!"

"ఎవరు?"

"అదేంటండీ, మీ ఆవిడే! ఏ రంగు చీరో కూడా చెప్పమంటారా?"

"వద్దు."

"ఈ ఊరు వచ్చేయండి. ఫ్యామిలీకి హాయిగా ఉంటుంది. ఇక్కడ ఎవరూ ఎవరి గురించీ అడగరండి."

నేను కారు వైపు చూడలేదు. ఆ రెండు గదుల ఇల్లు గుర్తొచ్చింది. ఈ ఊళ్ళో ఆమె ఎప్పుడూ కార్లోనే ఉందని చెప్పి బతకవచ్చు. అది కుదురుతుందనిపించింది. అలా అనిపించినందుకే భయం వేసింది.

"సత్తిబాబూ, నా భార్య మార్చిలో చనిపోయింది," అన్నాను. అంతవరకూ ఆ సంగతి కాగితాల మీదే రాశాను. ఎవరికీ నోటితో చెప్పలేదు.

అతను కారును చూశాడు, నన్ను చూశాడు. "అయితే గేటు బయటికి వచ్చేయాలండి. రూలు. ఏమీ అనుకోకండి," అన్నాడు. వచ్చాను. తన కుర్చీ తెచ్చి బయట నీడలో వేశాడు. నీళ్ళ సీసా నా చేతికిచ్చాడు. మస్తాన్ వచ్చేదాకా పక్కనే నిలబడ్డాడు. తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో నేనే కూర్చున్నాను.

రెండింటిలో అందమైన ఊరు దుఖానే. ఇద్దరుంటే అక్కడికే వెళ్ళండి. అల్ ఖోర్‌లో చేపల కంపు, క్రేన్ల మోత, రాజన్న ప్రశ్నలు. ఆ ప్రశ్నలకు నిజం చెప్పక తప్పదు. ఆదివారం కంపెనీకి అల్ ఖోర్ అని రాసిచ్చాను.

శుక్రవారం ఒంటరిగా దుఖాన్ వెళ్ళేవారికి ఒక మాట. ఫ్యామిలీ బీచ్ కంచె పక్కనే ఉత్తరం వైపు నడిస్తే అందరికీ వదిలిన తీరం ఉంది. గేటు లేదు. నీళ్ళు అవే.