సపోటా కాదు, తునికి పండు

వీధికో కంప్యూటర్ సెంటర్ వెలిసిన రోజుల్లో నేను ఖమ్మంలో అలాంటి ఒక సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. మధ్యాహ్నం క్లాసులు లేనప్పుడు ఇంటర్నెట్‌లో ఒక బొమ్మల భండారానికి పని చేసేదాన్ని. దేశదేశాల వాళ్లు తాము గీసిన బొమ్మలు అందులో పెట్టేవాళ్లు. వెతికితే దొరికేలా ఆ బొమ్మలకు పేర్లు, అంటే ట్యాగులు, తగిలించడం నాలాంటి వాళ్ల పని. జీతం ఉండదు. నా వంతుకు పండ్లు వచ్చాయి. ఒకే మామిడిపండు నాలుగు స్పెల్లింగులతో నాలుగు చోట్ల ఉండేది. అన్నిటినీ ఒక్క పేరు కిందికి చేరిస్తే ఇల్లు సర్దుకున్నంత తృప్తిగా ఉండేది.

ఒక వేసవిలో, చండ్రుగొండ అవతలి అడవి పల్లె నుంచి క్లాసుకు వచ్చే అమ్మాయి వాళ్లమ్మ గీసిన బొమ్మ తెచ్చింది. ఆకుల నడుమ పసుపుపచ్చని గుండ్రటి పండ్లు, ఒక్కోదాని నెత్తిన టోపీలాంటి ముచ్చిక. స్కాన్ చేసి భండారంలో పెట్టాను. మర్నాటికి ఎవరో దానికి ‘సపోటా’ అని తగిలించారు. తీసేసి ‘తునికి’ అని రాశాను. సాయంత్రానికి మళ్లీ సపోటా అయింది. భండారాన్ని చూసుకునే పెద్దమనిషి నాకు ఈమెయిల్లో ఉత్తరం కూడా రాశాడు. ఒక్క బొమ్మ కోసం కొత్త ట్యాగు ఇవ్వరట. కనీసం ముగ్గురు గీసి ఉండాలట.

నాకు ఒళ్లు మండింది. ఆదివారం ఆ అమ్మాయితో కలిసి వాళ్లూరి బస్సెక్కాను. తల్లి వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టే తునికాకు కట్టలు కడుతోంది. సంగతి చెప్పాను.

“సపోటా అన్నరా? ఎవలన్నరు బిడ్డా?”

“యాడనో దూరదేశపాయన, పెద్దమ్మా. గీ పండును ఎన్నడూ చూసుండడు” అన్నాను.

“చూడనోడు పేరెట్ల పెడ్తడు?”

కొత్త పేరు ఇవ్వాలంటే ముగ్గురు గీసినవి కావాలన్నాడని చెప్పాను.

“ముగ్గురేనా?” అంటూ ఆమె లేచి ఇరుగుపొరుగు ఆడవాళ్లను కేకేసింది.

వాళ్లు వచ్చారు గానీ కాగితం ముట్టుకోవడానికి వెనకాడారు. “గోడకు బొమ్మలు ఏస్తలేరా? గట్లనే ఏయుండ్రి” అందామె. కూతురు నోటుబుక్కులోంచి కాగితాలు చింపి పంచింది. వాళ్లు గీస్తుంటే నేను, పెద్దమ్మ ఇచ్చిన దోసెడు తునికి పండ్లలో ఒకదాన్ని కోసి, గింజలు కనబడేలా ఫొటో తీశాను. మిగిలిన పండ్లు తిన్నాను. సాయంత్రం బస్సుకు నా సంచిలో తొమ్మిది బొమ్మలున్నాయి.

సోమవారం అన్నీ ఎక్కించి, ఎవరి బొమ్మ కింద వాళ్ల పేరు రాశాను. ఫొటో జతచేసి, “మీరు ముగ్గురిని అడిగారు, ఇక్కడ తొమ్మిది మంది ఉన్నారు” అని ఉత్తరం పంపాను. రెండు రోజులకు జవాబొచ్చింది. ఆయన క్షమాపణ చెప్పి, సపోటా తీసేసి, తునికికి దాని సొంత ట్యాగు ఇచ్చాడు.

చూడడానికి తల్లీ కూతుళ్లిద్దరూ సెంటర్‌కు వచ్చారు. వెతికే చోట ‘తునికి’ అని కూతురు ఒక్కో అక్షరం నొక్కింది. తెర నిండా తునికి పండ్లు పరుచుకున్నాయి. తల్లి ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి, అది గీసిన మనిషి పేరు చదివినట్టే గట్టిగా చెప్పింది. ఆ గదిలో కంప్యూటర్లు నేర్చుకుంటున్న వాళ్లంతా తిరిగి చూశారు. ఆమె తల దించుకోలేదు.

“మా అడివిల ఇంకా మొర్రిపండ్లున్నయి, పరికిపండ్లున్నయి” అంది కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. “గవెప్పుడు పెడ్దాం, బిడ్డా?”