పోయినవాడి షుగరు

ఆ రోజుల్లో, అంటే నాకింకా అలసట నిద్రపోతే తీరిపోయే రోజుల్లో, ఏలూరులో ఒక ఆసుపత్రి శవపరీక్షల విభాగంలో జూనియర్ డాక్టరుగా చేరాను. పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఏం డాక్టరండీ?" అని ఎవరైనా అడిగితే మా అమ్మ "రక్తపరీక్షలండీ" అని సర్దేసేది (అబద్ధం కాదు, ఎవరి రక్తమో చెప్పేది కాదు, అంతే). పోయినవాళ్లు నన్నెప్పుడూ విసిగించలేదు. ప్రాణం తీసిందల్లా వాళ్ల వెంట వచ్చిన బతికున్నవాళ్లే.

ఒక వేసవి పొద్దున్న కొల్లేరు వైపు నుంచి చేపలచెరువు కాపలాదారు శవం వచ్చింది. వెంట అతని భార్య, అతని అన్నగారు. అన్నగారి చొక్కాజేబులో షుగరు మీటరు. పెళ్లికెళ్లినా బంతిలో కూర్చున్నవాళ్ల వేళ్లు పొడిచి చూసేవాడట, తన వేలు తప్ప. ఆ అలవాటు కొద్దీ పోయిన తమ్ముడి వేలు కూడా పొడిచేశాడు మహానుభావుడు! మనసులో ఆయనకి మీటరుగారని పేరు పెట్టుకున్నాను.

"డెబ్బయ్యే చూపించిందండీ డాక్టరుగారూ! ఇంక షుగరెక్కడుందండీ? రాత్రంతా మజ్జిగ మీద మజ్జిగ పోసిందండీ ఈ అమ్మాయి. తెల్లారేసరికి మావాడు లేడు. అందులో ఏం కలిపిందో తేల్చండి, నేను స్టేషన్లో కంప్లయింటు ఇచ్చేస్తాను."

ఆవిడ గోడకి ఆనుకుని, కంట తడి లేకుండా అంది. "దాహం, దాహం అన్నారండీ. ఇవ్వకుండా ఎలా ఉంటానండీ? మాత్రలు మానేసి ఆకుపసరు తాగారండీ. చెబితే విన్లేదండీ."

విషం ఉందో లేదో పెద్ద ల్యాబు వాళ్లు చెప్పడానికి నెలలు పడుతుంది. అన్నాళ్లూ ఈ ఆడమనిషి స్టేషను మెట్లెక్కి దిగాలా? మా విభాగం పెద్ద, మేడం మాత్రం తల కూడా ఎత్తలేదు. "చచ్చాక రక్తంలో చక్కెర నిలవదయ్యా, కణాలే తినేస్తాయి. దాన్ని నమ్మకు. షుగరు ముదిరితే ఒంట్లో పేరుకునే కీటోన్లు చూడు, మూడు నెలల షుగరు చూడు. అవి అంత తొందరగా మాట మార్చవు" అన్నారు.

నమూనాలు పంపి, అదే సంగతి మీటరుగారికి చెప్పాను. రెండోసారి చెప్పాను. బొమ్మ గీసి చెప్పాను. "మీటరు అబద్ధం చెబుతుందేంటండీ?" అన్నాడాయన. విసుగొచ్చి, "అయితే మీ రక్తమే ఇవ్వండి" అని ఒక గొట్టంలోకి తీసి, అందులో చుక్క ఆయన మీటరు మీదే వేశాను. మూడొందలు దాటింది! ఆయన నోరు వెళ్లబెట్టాడు. "పొద్దున్న టీ తప్ప ఏం తాగలేదండీ!" గొట్టాన్ని కిటికీలో ఎండ తగిలేచోట వదిలేశాను. సాయంత్రం అదే రక్తం, అదే మీటరు. అంకె బాగా దిగిపోయింది.

"మీ షుగరు నయమైపోయిందాండీ?" అనడిగాను. ఆయన బల్ల మీద కూలబడ్డాడు.

ఈలోగా ఫలితాలొచ్చాయి. కీటోన్లు విపరీతం, మూడు నెలల షుగరు అంతకన్నా ఘోరం. మేడం బయటికొచ్చి, "షుగరు ముదిరి పోయాడండీ మీ తమ్ముడు. ఆ దాహం జబ్బుది. పాపం, ఆవిడ మజ్జిగ తప్పేం లేదు" అన్నారు. (నెలల తర్వాత పెద్ద ల్యాబు కూడా విషం లేదనే రాసింది.)

పోయినవాడి భార్య గేటు దగ్గర కొట్టుకెళ్లి ఒక గ్లాసు తెచ్చింది. "పొద్దుట్నించీ ఏం తీసుకోలేదు కదా బావగారూ, తాగండి." మజ్జిగ! మీటరుగారు గ్లాసు కేసి చూశాడు, నా కేసి చూశాడు. "ఉప్పేశావా అమ్మా?" అని గడగడా తాగేశాడు. ఆవిడ అప్పుడు కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

ఇప్పుడు నా చొక్కాజేబులోనూ మీటరుంది. పొద్దున్నే వేలు పొడుచుకుని నిట్టూరుస్తుంటే మా ఆవిడ "తగ్గిందాండీ?" అంటుంది. "ఎప్పటికైనా దానంతటదే తగ్గుతుందిలే" అంటాను. ఈ హాస్యానికి మా ఇంట్లో ఎవరూ నవ్వరు. ఆవిడ మజ్జిగ గ్లాసు నా ముందు ఠక్కున పెట్టి వెళ్లిపోతుంది. ఉప్పేసిందో లేదో అడగను, తాగేస్తాను.