గ్రూపులో పెట్టిన తాళంచెవి ఫొటో

నిజాంపేటలో ఫ్లాటు కొన్నప్పుడు సంబరం పట్టలేక, అరచేతిలో తాళంచెవి పెట్టుకుని ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. పక్క సీటు స్నేహితురాలికి ఇంట్లో త్రీడీ ప్రింటర్ ఉంది. వారం తిరక్కుండానే ఒక ప్లాస్టిక్ తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టింది.

"గంత సాఫ్‌గ ఫొటో పెట్టినవ్. తాళంచెవి పండ్లన్నీ కనబడ్డయి. గది సూసే చేసిన" అంది.

నేను నమ్మలేదు. పందెం కాసి, ఆ సాయంత్రమే ఆమెను ఇంటికి తీసుకెళ్లాను. లోపల అత్తయ్యగారు ఒక్కరే ఉంటారని తెలిసీ బెల్లు కొట్టనివ్వలేదు. నవ్వు ఆపుకుంటూ లిఫ్టు దగ్గరే నిలబడ్డాను. ఆమె ప్లాస్టిక్ తాళంచెవి పెట్టి కాస్త తిప్పేసరికి తాళం వచ్చేసింది, ఆమె లోపలికి వెళ్లింది. ఆ వెంటనే లోపల గిన్నె పడిన చప్పుడు, అత్తయ్యగారి కేక వినిపించాయి.

పరుగెత్తి వెళ్తే, ఆవిడ గోడకు ఆనుకుని వణుకుతున్నారు. ముక్కూమొహం తెలియని మనిషి తాళం తీసుకుని లోపలికొచ్చేసింది మరి. సంగతి చెబితే కోప్పడను కూడా కోప్పడలేదు.

"ఫొటో చూసి చేసేస్తారా అమ్మా? తాళం ఉంది కదా అని ఇన్నాళ్లూ నిశ్చింతగా పడుకున్నానే!" అన్నారు.

ఫొటో తీసేశాను. మర్నాడే తాళం మార్పించాను. అత్తయ్యగారు మాత్రం మధ్యాహ్నం కునుకు మానేశారు. ఇప్పుడు గడియ పెట్టి, తలుపుకు అడ్డంగా కుర్చీ కూడా వేసుకుంటున్నారు. నేను బెల్లు కొట్టినప్పుడల్లా ముందు ఆ కుర్చీ జరిపే చప్పుడే వినిపిస్తుంది. తలుపు తెరిచాక ఆవిడ మొహంలోకి సూటిగా చూడలేకపోతున్నాను.