కొడుక్కి పెట్టిన బాలింత పథ్యం

పోయిన వారం మా అబ్బాయి పేపరు చదువుతూ, దేశంలో కాన్పులు ఏటేటా తగ్గిపోతున్నాయట, ఇలాగే పోతే ముసలివాళ్ళు ఎక్కువై పిల్లలు తక్కువవుతారట, అందుకని ఇంకొకరిని కనండని పెద్దలు చెబుతున్నారట అని వినిపించాడు. ఆ పెద్దలెవర్రా అని అడిగాను. అందరూ మగవాళ్ళేనట. పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా కోడలు తలెత్తకుండానే నవ్వింది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, దేశం సంగతులు నాకేం తెలుస్తాయి గానీ, మా ఇంట్లో కాన్పులు ఎలా ఆగాయో మాత్రం నేను చెప్పగలను. నా ఈడు ఆడవాళ్ళకైతే విడమరిచి చెప్పక్కర్లేదు కూడాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా ఆయన పోయాక, గుంటూరు వైపు మా ఊరు వదిలి ఢిల్లీలో మయూర్ విహార్‌లో ఉన్న ఈ అబ్బాయి దగ్గరికి వచ్చాను. మొగుడూ పెళ్ళాలిద్దరివీ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలే. మనవరాలికి నాలుగేళ్ళు, తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది. నేను మెత్తని మనిషిని కాను. వచ్చిన నెలలోపే ఆ ఇంట్లో బీరకాయ తొక్కు పచ్చడైంది, పాలపాకెట్లు కడిగి ఆరేసి మళ్ళీ వాడడం మొదలైంది, ఎవరూ లేని గదిలో దీపం వెలగడం ఆగిపోయింది. ఇక నేను చక్కబెట్టవలసింది ఒక్కటే మిగిలిందనుకున్నాను, రెండో కాన్పు. ఏడుగురిని కని ఐదుగురిని దక్కించుకున్నదాన్ని, ఒక్క పిల్లతో, అదీ ఆడపిల్లతో సరిపెట్టుకోవడం నాకు మింగుడుపడలేదు.

అందుకని కూర తరుగుతూ ఆ మాటే, మనవరాలికి జడ వేస్తూ ఆ మాటే, ఆఫీసుకి తీసుకెళ్ళే చార్టర్డ్ బస్సు కోసం పరుగెత్తే కోడలి వెనక మెట్లదాకా వెళ్ళి మరీ ఆ మాటే. కింది ఫ్లాట్ పంజాబీ ఆవిడ కూడా "అమ్మాజీ ఠీక్ కహ్ రహీ హై, బేటా" అని నాకు వంత పాడేది. కోడలు ఎదురు చెప్పేది కాదు. ముఖం మాత్రం పాలిపోయేది. అది మొండితనమనుకుని నేను ఇంకాస్త బిగించేదాన్ని. పిల్ల పుట్టినప్పుడు కోసి తీశారని తప్ప నాకేమీ చెప్పలేదు. రోజురోజుకీ ఆ అమ్మాయి చిక్కిపోతున్నా, ఆఫీసు పని ఎక్కువైందనుకున్నానే గానీ, నా మాటలే తినేస్తున్నాయని తోచలేదు.

ఒక చలికాలం, మధ్యాహ్నం పూట మా అబ్బాయి ఆటోలో దిగి, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కుతున్నాడు. ఎక్కడో పడ్డాడనుకుని ఎదురెళ్ళి రెక్క పట్టుకున్నాను. మంచం మీద వాలాక నెమ్మదిగా చెప్పాడు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాడట. దానికి ఆఫీసులో సెలవు కూడా ఇస్తారట.

"ఆడది ఇంట్లో ఉండగా నువ్వు కోయించుకోవడమేమిట్రా, నీ పెళ్ళాం పంపించిందా?" అని అరిచాను.

"తను వద్దని ఏడ్చిందమ్మా. నీ పోరు పడలేక ఇంకో కాన్పుకి సరేనంటోంది. అందుకే వెళ్ళాను," అన్నాడు. ఆ తర్వాత, నాలుగేళ్ళుగా దాచిన సంగతి చెప్పాడు. కాన్పు ముందు కోడలికి ఫిట్స్ వచ్చాయట. గుర్రపువాతం అనేవాళ్ళం మా వైపు, అది వచ్చి లేచిన మనిషిని మా ఊళ్ళో నేను చూడలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చని డాక్టర్లు చెప్పి వీడి చేత సంతకం పెట్టించుకున్నారట. నాకు తెలిస్తే ఊరంతా ఆ పిల్లని లోపమున్న మనిషిలా చూస్తుందని దాచారట.

"ఆ సంతకం ఇంకోసారి పెట్టలేనమ్మా," అన్నాడు.

నా నాలుగో కాన్పప్పుడు ఆస్పత్రి నర్సమ్మ నన్నూ ఆపరేషన్ చేయించుకోమంది. మా ఇంటి ఆడవాళ్ళు కోయించుకోరని అత్తగారు తేల్చేసింది, మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇంకా ముగ్గురు, ప్రతి నెలా వేళ్ళ మీద రోజులు చూసుకుంటూ ఆ భయం. ఆయన చెడ్డవాడు కాదు, ఆ పని మగవాడూ చేయించుకోవచ్చన్న ఊహ ఆయనకి గానీ నాకు గానీ కలలో కూడా రాలేదు. అత్తగారిని జన్మంతా తిట్టుకున్నాను, చివరికి ఆవిడ మాటలే మయూర్ విహార్‌దాకా మోసుకొచ్చి ఇంకొకతె నెత్తిన పెట్టాను.

తప్పయిందని చెప్పడం నాకు చేతకాదు. వంటింట్లోకి వెళ్ళాను. పిల్లల ఆపరేషనంటే నాకు తెలిసిన పథ్యం ఒక్కటే. వేడన్నంలో వెల్లుల్లికారం, నెయ్యి వేసి కలిపి పెట్టాను, పెరుగు దగ్గరికి రానివ్వలేదు, గాలి పోకుండా వాడి చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ చుట్టాను. "అమ్మా, ఇది బాలింతలకి కదే!" అని వాడు మొత్తుకున్నా వినలేదు. బడి నుంచి వచ్చిన మనవరాలు, అంతకు ముందే పై ఫ్లాట్‌లో బాలింతను చూసొచ్చిందేమో, మంచం చుట్టూ తిరిగి, కిందికి వంగి కూడా వెతికి, "పాపా, బేబీ కహాఁ హై?" అని తండ్రిని అడిగింది.

ఇంట్లో ఎంత రభస అవుతోందోనని సగం రోజు సెలవు పెట్టి పరుగెత్తుకొచ్చిన కోడలు, గుమ్మంలో నిలబడి ఆ అవతారం చూసింది. ముందు బిక్కచచ్చిపోయింది. తర్వాత "అత్తయ్యా, నడికట్టు కూడా కట్టారా?" అని గోడకి ఆనుకుని నవ్వీ నవ్వీ ఏడ్చేసింది. "నోరు మూసుకుని నువ్వూ కూర్చో, నీకూ అన్నం పెడతాను, ఎముకల లెక్క తెలుస్తోంది," అన్నాను. ఆ రోజు ఆ పిల్ల మారు వడ్డించుకుని తింది. గుండెల మీద నుంచి తిరగలి దించినట్టైంది నాకు. మర్నాడు పంజాబీ ఆవిడ మళ్ళీ మొదలుపెడితే, "బస్, ఏక్ హీ బహుత్ హై," ఒక్కతే చాలని, నాకొచ్చిన హిందీ అంతా ఖర్చుపెట్టి వచ్చాను.

ఇప్పుడు మా సొసైటీ పార్కులో ఉయ్యాలలు చాలావరకు ఊరికే వేలాడుతుంటాయి. ఐదుగురు ఒకే కంచం చుట్టూ కొట్టుకున్న ఇల్లు నడిపినదాన్ని, ఆ నిశ్శబ్దం నాకు వెలితిగానే ఉంటుంది, లేదనను. అయినా మనవరాలికి పెళ్ళై రెండేళ్ళయినా నేను ఆ మాటెత్తలేదు.

మొన్న ఆ పిల్ల వచ్చి, స్నేహితురాలికి పుట్టబోయే బిడ్డకి పేరు వెతుకుతున్నారు, నువ్వూ ఒకటి చెప్పు నాయనమ్మా అంది. ఇంకా పుట్టనే లేదు కదే, అప్పుడే పేరేమిటి అన్నాను. మా రోజుల్లో బిడ్డ నిలిచేలా ఉందని నమ్మకం కుదిరాకే పేరు పెట్టేవాళ్ళం. నాకు దక్కని ఇద్దరూ అలా పేరు లేకుండానే పోయారు. వాళ్ళకని అప్పట్లో మనసులో అనుకున్న పేర్లు ఎవరికీ చెప్పలేదు.

ఒకటి అడిగితే రెండు చెప్పాను.