చూడకుండా విసిరిన బంతి

1979 డిసెంబరులో ఒక శనివారం, సాయంత్రం ఐదు గంటలు. ఆదోని కాలేజీ మైదానంలో మా పిల్లలకూ ఎమ్మిగనూరు పిల్లలకూ బాస్కెట్‌బాల్ పోటీ. మా జట్టును రెండేళ్లుగా ఎవరూ ఓడించలేదు. పొడుగు పిల్లలేం కాదు. ఎవరు ఎక్కడుంటారో అందరికీ తెలుసు కాబట్టి చూడకుండానే బంతి విసిరేవాళ్లు, అంతే. ఎడమ మూల నా కొడుకు మస్తాన్‌ది.

పోటీకి నెల ముందు వాడు కామెర్లతో చనిపోయాడు. వాడి బదులు హనుమంతు అనే పిల్లవాణ్ణి తీసుకున్నారు. నేను ఎప్పటిలాగే ఎడమ మూల, గీత బయట కూర్చున్నాను.

ఆట మధ్యలో మా జట్టు నాగరాజు తల తిప్పకుండా బంతిని ఆ మూలకు విసిరాడు. అక్కడ ఎవరూ లేరు. బంతి దొర్లి నా కాళ్ల దగ్గర ఆగింది.

“ఏమన్నా, గాలికేసినావా?” అని ఎమ్మిగనూరు పిల్లవాడొకడు నవ్వాడు. వాడికి సంగతి తెలియదు.

“నేనీడుండా గదన్నా!” అన్నాడు హనుమంతు.

నాగరాజు నా దగ్గరికొచ్చి ఏడ్చేశాడు. “తప్పైంది మామా, సెయ్యి వాని కాడికే పోయింది.”

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. బంతి తీసి హనుమంతు చేతిలో పెట్టాను.

“ఆ మూల ఇంగ వీనిదిరా. వాడు రాడు. సూసి ఎయ్యండి.”

పిల్లలు నా మాట విన్నారు. చూసి విసరడం మొదలుపెట్టారు. చూసేలోపల అవతలివాళ్లు అడ్డమొచ్చారు. ఓడిపోయాం.

కొడుకును పూడ్చిన రోజుకన్నా ‘వాడు రాడు’ అన్న రోజే నాకు బరువు. అక్షరాలు ముసలితనంలో వచ్చాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు అక్కడున్నది మా జట్టులో నాగరాజు, ఈరన్న, బసప్ప, జాన్, హనుమంతు, ఎమ్మిగనూరు పిల్లలు, నేను.